కొబ్బరినూనె పూసిన అతుకులు

మనిషిని చూడకుండా పరీక్ష కాగితం చూసి మందు రాసే వైద్యులు ఉన్నట్టే, కార్లు బాగుచేసేవాళ్ళలోనూ ఉన్నారు. స్కానరు ఏ సెన్సారు పేరు చెబితే ఆ సెన్సారు మార్చి పంపేస్తారు. రాజోలు బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఇరవై ఆరేళ్ళుగా కార్ల వైరింగు పని చేస్తున్న ఇస్సాకు ఆ బాపతు కాదు. స్కానరు అతనికీ ఉంది. అది చెప్పినదాన్ని ఊళ్ళో పుకారు విన్నట్టు వింటాడు. నిప్పు లేనిదే పొగ రాదు నిజమే, కానీ పొగ కనబడ్డ చోటే నిప్పుండాలని లేదు.

ఆ గురువారం పొద్దున్న దుర్గాప్రసాద్ తెచ్చిన డీజిలు కారుకి పద్నాలుగేళ్ళు. వారానికి మూడుసార్లు తల్లి సూర్యకుమారిని అమలాపురంలో డయాలసిస్‌కి తీసుకెళ్ళేది అందులోనే. నెల్లాళ్ళుగా ఆ కారు నడుస్తూ నడుస్తూ చచ్చిపోతోంది. మొన్న మంగళవారం వైనతేయ వంతెన మధ్యలో ఆగింది. వెనక వస్తున్న కొబ్బరికాయల లారీ బ్రేకు వేసేసరికి, దాని ముక్కుకీ కారు వెనకద్దానికీ జానెడు దూరం మిగిలింది. తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు కారు మళ్ళీ స్టార్టయింది.

“వేరేచోట స్కానరు చూసి సెన్సారు రెండుసార్లు మార్చేరండి. ఇంకోసారి మార్చేద్దామాండీ?” అన్నాడు దుర్గాప్రసాద్.

“ఆయ్, మార్చండి. మార్చి మళ్ళీ వంతెన మీదే ఆగండి, గాలి బాగుంటుంది,” అన్నాడు ఇస్సాకు, బానెట్టు ఎత్తుతూ.

బల్ల మీద కూర్చున్న సూర్యకుమారి నవ్వింది. మధ్యాహ్నం రెండింటికి ఆమె అమలాపురంలో ఉండాలి. ఈ కారులో పంపొచ్చో లేదో ఈలోగా ఇస్సాకు తేల్చాలి.

ఇంజను తిరుగుతోందని కారులోని కంప్యూటరుకి కబురు చెప్పేది ఆ సెన్సారే. కబురు ఆగితే కంప్యూటరు డీజిలు ఆపేస్తుంది. సెన్సారు దగ్గర చూస్తే కబురు సరిగ్గానే బయల్దేరుతోంది. డాష్‌బోర్డు కింద, కంప్యూటరు దగ్గర చూస్తే ఒక్కోసారి చేరడం లేదు. అంటే చెడింది నడుమ దారి. రెండు కొసలూ విప్పి మీటరు పెట్టాడు. తీగ బాగానే ఉందంది మీటరు. మీటరు మొహమాటస్తుడు, వెంట్రుకంత రాగి మిగిలినా బాగుందనే అంటుంది. అదే తీగ గుండా చిన్న బల్బు వెలిగించాడు ఇస్సాకు. బల్బు కొడిగట్టిన దీపంలా మినుకుమంది. తీగ కదిపితే ఆరిపోయింది.

కదుపుకుంటూ కదుపుకుంటూ డ్రైవరు కాళ్ళ దగ్గర పట్టా కిందికి వచ్చాడు. అక్కడ నల్లటేపు చుట్టిన అతుకు ఉంది. టేపు విప్పగానే పాత కొబ్బరినూనె వాసన గుప్పుమంది. లోపల పచ్చటి చిలుము. ఆ చిలుములో రెండే రెండు రాగి పోగులు. ఆ రెండు పోగుల మీదే ఆ తల్లి నెల్లాళ్ళుగా ఏరు దాటుతోంది.

ఆ అతుకు ఇస్సాకుదే.

2022లో గోదావరి పొంగి లంకలు మునిగినప్పుడు, బురద నిండిన కార్లు వరస కట్టి ఈ షెడ్డుకే వచ్చాయి. కోనసీమలో కొబ్బరినూనె పనికిరాని చోటు లేదు: తలకి, కాలిన చేతికి, కుట్టుమిషనుకి, కిర్రుమనే తలుపుకి. తడి దిగకూడదని ఇస్సాకు ప్రతి అతుక్కీ ముందు నూనె పూసి, ఆపైన టేపు చుట్టాడు. అందరూ తెలివైన పనన్నారు. నూనె ఏళ్ళ తరబడి టేపు కింద పులిసి రాగినే తినేస్తుందని ఎవరికీ తోచలేదు, అతనికీ తోచలేదు.

పాత ముక్క కోసి, కొత్త తీగ వేసి, టంకం పెట్టి తాళం ఇచ్చేయవచ్చు. ఎవరికీ తెలియదు. కానీ ఈ కారులోనే ఇలాంటి అతుకులు ఇంకా ఎన్ని వేశాడో అతనికి గుర్తు లేదు.

“దుర్గాప్రసాద్ గారూ, అమ్మగారిని ఆటోలో తీసుకెళ్ళండి. తీగలన్నీ విప్పి చూసేదాకా ఇది ఏరు దాటకూడదు. ఇది నా చేతి తప్పేనండి.” నూనె సంగతి దాచకుండా చెప్పాడు.

దుర్గాప్రసాద్ వంగి ఆ పచ్చటి తీగని చూశాడు. “లారీవోడు బ్రేకు తొక్కకపోతే?” అన్నాడు.

సూర్యకుమారి లేచి చీర సర్దుకుంటూ అడిగింది. “ఇలాంటి కార్లు ఎన్ని చేసేవు నాయనా?”

“ముప్ఫై ఏడండి.”

వాళ్ళ ఆటో మలుపు తిరగగానే అతను ఫోను పట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి ఆ కార్లవాళ్ళలో ఇరవై రెండు మంది దొరికారు. తేవడానికి ఒప్పుకున్నది ఇద్దరు. మిగతావాళ్ళు నవ్వి, నీ చలవ వల్ల బండి బంగారంలా నడుస్తోందన్నారు. దుర్గాప్రసాద్ కారూ నెల కిందటిదాకా అలాగే నడిచింది. చివరిగా దొరికిన బెంజమిన్ పెళ్ళివాళ్ళని ఎక్కించుకుని జొన్నాడ దగ్గర హైవే మీద ఉన్నాడు. వెనక పాటలు, ఆడవాళ్ళ నవ్వులు.

“పక్కకి ఆపండి బెంజమిన్ గారూ.”

“సోమవారం తెస్తానండి, ఇప్పుడు గోదావరి వంతెన ఎక్కేసేం,” అని బెంజమిన్ ఫోను పెట్టేశాడు.