గొడుగు చాటు అతుకు

దుకాణాల ప్రకటన వీడియోలు అతికించే ఎడిటర్ భోజనం చేస్తూ ఫోన్లో కొత్త పాటల వీడియోలు వెతుకుతాడు. బాగున్నది కనబడిందా, ఇక ముద్ద దిగదు. ఆవేళ ఎవరో అమ్మాయి, మెట్లెక్కుతూ బకెట్లూ కమ్మీలూ వాయిస్తూ, ఒకే షాట్‌లో పాటంతా పాడేసింది. "ఒకే షాటా? నా మొహం! ఎక్కడో అతికించే ఉంటుంది" అంటూ ఎడమచేత్తో ఒక్కో ఫ్రేమూ జరిపాడు. కుడిచేతి ఎంగిలి ఎండిపోయింది. చివరికి ఎవరో గొడుగు విప్పినచోట అతుకు దొరికింది. "దొరికిపోయింది దొంగ!" అని భార్యను పిలిచి చూపించాడు. ఆవిడ రెండుసార్లు చూసి, "ఏదండీ, నాకేం కనబడలేదే!" అంది. అతను మూడోసారి చూపించలేదు. ముందురోజు అతను చేసిన చెప్పుల ప్రకటనలో అతుకును ఆవిడ కూర తరుగుతూనే పట్టేసింది.