ఎవలన్న పెరిగిండ్రా?

మా లెక్కల సారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నా చేతిలో ఆరుగురు పిల్లల పేర్లు రాసిన కాగితం ఉంది. ఆ కాగితం సంగతి చివర్లో చెప్తాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంటుంది, అయినా చెప్తాను.

నేను తరిగొప్పుల దగ్గర ఒక సర్కారు బడిలో లెక్కల టీచర్ని. ఫోన్ చేసింది నాతో చదువుకున్నవాడు, ఇప్పుడు నెల్లికుదురులో దర్జీ. "మన లెక్కల సారు పోయిండు. పొద్దుగాల మానుకోట దవాఖానల. మొన్ననే ఫోన్ల మాట్లాడిన, మంచిగనే ఉండె" అన్నాడు. నేను కాగితం మడిచి బ్యాగులో పెట్టాను. తర్వాత అతనే "మూడు గంటలకట. వస్తవా?" అని అడిగాడు. వస్తానన్నాను.

మానుకోట అంటే మహబూబాబాదు. సారు ఇల్లు అక్కడే. వెళ్లి చూసి వచ్చాను, ఏడ్చాను. అక్కడితో అయిపోతే ఈ నాలుగు మాటలు రాసేదాన్ని కాదు. పదకొండో రోజు నేను చదువుకున్న బడిలో సంతాప సభ పెట్టారు. అక్కడ విన్న మాటలకు ఒళ్లు మండి రాస్తున్నాను.

సారు మంచివాడని ఇప్పుడు అందరూ అంటున్నారు. మంచివాడే, కానీ నోరు మంచిది కాదు. సుద్దముక్క విసిరితే గురి తప్పేది కాదు. చొక్కా జేబులో రెండు సుద్దముక్కలు కాగితంలో చుట్టి పెట్టుకునేవాడు, అయినా జేబు ఎప్పుడూ తెల్లగానే ఉండేది. లెక్క తప్పితే ఎర్ర సిరాతో కొట్టేసే అలవాటు మాత్రం లేదు. పక్కన "ఎట్లొచ్చింది?" అని రాసేవాడు. ఎట్లా వచ్చిందో మనం చెప్పాలి. చెప్తూ చెప్తూ సగంలో మనకే తప్పు దొరికేది. దొరక్కపోతే మర్నాడు మళ్లీ చెప్పాలి.

మాది తండా. ఇంట్లో మాట్లాడేది మా లంబాడీ మాట. ఆరో తరగతిలో చేరినప్పుడు నేను వేళ్ల మీద మా మాటలో లెక్కపెట్టుకుంటుంటే క్లాసంతా నవ్వింది. సారు నవ్వినవాళ్ల వైపు ఒక సుద్దముక్క విసిరి, నా దగ్గరికి వచ్చి "ఇరవై దాంక చెప్పు, నేను గూడ నేర్చుకుంట" అన్నాడు. వారం రోజులకు నేర్చుకున్నాడు కూడా. పదమూడు దగ్గర మాత్రం ఎప్పుడూ తడబడేవాడు. అక్కడ నేను దిద్దేదాన్ని. సారును దిద్దిన పిల్లను నేనొక్కదాన్నే అని చాలా రోజులు గర్వపడ్డాను.

ఎనిమిదో తరగతిలో సగటు పాఠం వచ్చింది. ఆ రోజు సారు పుస్తకం తెరవలేదు. ఇప్పటి దర్జీ అప్పుడు దర్జీ కొడుకు. సారు అతన్ని వాళ్ల అబ్బా దగ్గరి నుంచి కొలత టేపు తెమ్మన్నాడు. క్లాసు తలుపు పక్కన గోడకు ఒక్కొక్కరినీ నిలబెట్టి, తల మీద స్కేలు ఆనించి, గోడ మీద మేకుతో గీత గీశాడు. నా వంతు వచ్చేసరికి నేను మడమలు కొద్దిగా పైకి ఎత్తాను. నేనే అందరికంటే పొట్టి. సారు వంగి చూసి "మడమలు దించు బిడ్డా. ఉన్నంతే గీస్త" అన్నాడు. దించాను. నా గీత అందరి గీతల కంటే కింద పడింది.

అందరి పొడుగూ కూడి, భాగించి, బోర్డు మీద సగటు రాశాం. అప్పుడు సారు పొట్టిగా ఉన్న ఐదుగురిని తలుపు బయట నిలబడమన్నాడు. మిగిలినవాళ్ల సగటు మళ్లీ కట్టమన్నాడు. ఎక్కువ వచ్చింది. "సగటు పెరిగింది. లోపల ఎవలన్న పెరిగిండ్రా?" అని అడిగాడు. తలుపు బయటి నుంచి నేనన్నాను: "నేనైతే పెరగలే సారూ." అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. "గదీ జవాబు" అన్నాడు.

అవి తెలంగాణ కొట్లాట రోజులు. ఇప్పుడు మూడు జిల్లాలైన జనగామ, మానుకోట, భూపాలపల్లి అప్పుడు ఒక్క వరంగల్ జిల్లాయే. సార్లందరూ సమ్మెలోకి దిగారు, బడికి తాళం పడింది. రోడ్డు పక్కన టెంటు వేసి కూర్చున్నారు. మా సారూ కూర్చున్నాడు. కానీ రెండో రోజే బోర్డు ఒకటి మోయించి టెంటు గుంజకు ఆనించాడు. ఒక పక్క నినాదాలు, ఒక పక్క మా లెక్కలు. అయినా తండాల నుంచి టెంటు దాకా రాగలిగింది కొద్దిమందిమే. మిగతావాళ్లు పత్తి చేలకు పోయారు.

సమ్మె అయ్యి బడి తెరిచిన కొద్ది రోజులకు హైదరాబాదు నుంచి కాగితం వచ్చింది. ఎనిమిదో తరగతికి లెక్కల పరీక్ష పెడతారట. మన బడి ఎక్కడుంది, మన రాష్ట్రం ఎక్కడుంది, వేరే దేశాల పిల్లల పక్కన మన పిల్లలు ఎక్కడున్నారు అని చూస్తారట. చిట్టీలు తీస్తే మా బడి పేరు వచ్చిందట. మా హెడ్మాస్టరును మేం పెద్దసారు అనేవాళ్లం. పరీక్ష ముందు రోజు ఆయన క్లాసుకు వచ్చి పదకొండు పేర్లు చదివాడు. "మీకు రేపు సెలవు. ఇంటికాడ ఉండుండ్రి" అన్నాడు. లెక్కల సారు ఆ రోజు మానుకోటలో మీటింగుకు పోయాడు.

పదకొండు మందిలో తొమ్మిది మందిమి తండా పిల్లలం. ఇందులో అవమానం ఉందని మాకెవరికీ తట్టలేదు. సెలవు దొరికిందని ఎగిరి గంతేశాం. ఇన్నేళ్ల తర్వాత నన్ను ఎక్కువగా మండించేది అదే. మమ్మల్ని తీసి అవతల పారేస్తుంటే మేం చప్పట్లు కొట్టాం.

మర్నాడు పొద్దున్నే తండాలో సారు మోపెడ్ చప్పుడు వినిపించింది. సెలవు సంగతి ఆయనకు రాత్రే దర్జీ కొడుకు చెప్పాడట. మా అమ్మను మేం యాడి అంటాం. యాడి అప్పటికే పత్తి ఏరడానికి నడుముకు చీర కొంగు కట్టుకుని నిలబడింది, నేనూ తయారు.

"సెలవు ఇచ్చిండ్రట కద సారూ" అంది యాడి.

"ఎవలిచ్చిండ్రక్కా? బడి ఉంది. పరీక్ష ఉంది. బిడ్డను తోలు."

"దీనికి లెక్కలు సరిగ రావట. పెద్దసారే చెప్పిండట."

"నిజమే, సరిగ రావు. చిన్నప్పుడు రెండేండ్లు తండా బడిల సారే లేకుంటె ఎట్లొస్తయి? ఆ సంగతే తెల్వాలె అందరికి."

యాడి నా వైపు చూసింది. ఒక పూట ఏరే పత్తి పోతుంది. అయినా నా భుజానికి సంచి తగిలించి "పో" అంది. సారు బండి ఎక్కలేదు. దాన్ని నెట్టుకుంటూ మా తొమ్మిది మందితో పాటు బడి దాకా నడిచాడు. మిగిలిన ఇద్దరు ఊళ్లోవాళ్లే, వాళ్లనూ పిలిచాడు.

పెద్దసారు వరండాలోనే ఎదురయ్యాడు. పరీక్ష పెట్టడానికి వచ్చిన ఇద్దరు సీలు వేసిన కట్టలు పట్టుకుని పక్కనే నిలబడ్డారు.

"మీకు దిమాక్ ఉందా సారూ? దేశాలతోటి పోల్చే పరీక్ష. రేపు పేపర్ల పడ్తది. మనం అడుగున ఉన్నమంటె ఆంధ్రోళ్లు నవ్వరా? లెక్కలే రానోళ్లకు రాష్ట్రం ఎందుకంటరు."

పెద్దసారు చెడ్డవాడు కాదు. అందరికంటే గట్టిగా నినాదాలిచ్చింది ఆయనే. మా సారు బండికి స్టాండు వేశాడు. తర్వాత ఆయన మాట్లాడిన మాటలు నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"మొన్నటి దాంక టెంటు కింద ఏమని మొత్తుకున్నం? మా బడులల్ల సార్లు లేరు, మా పిల్లలు ఎనుకవడ్డరు అనే కద. ఇయ్యాల ఎనుకవడ్డోళ్లను ఇంటికాడ దాచి, బాగనే ఉన్నమని రాసిస్తమా? మరి దేనికి కొట్లాడినం?"

"ఒక్క రోజు సెలవిస్తె ఏం పోతది?"

"ఏం పోదు. సగటు పెరుగుతది. ఎవలన్న పెరిగిండ్రా?"

పెద్దసారుకు అర్థం కాలేదు. మాకు అర్థమైంది. మేం వెళ్లి బెంచీల మీద కూర్చున్నాం.

పరీక్షలో ఒక లెక్క మాత్రం నాకు బాగా గుర్తుంది. ఏదో ఊళ్లో ఏ నెలలో ఎంత వాన పడిందో కమ్మీల బొమ్మ, అంటే బార్ గ్రాఫు, ఇచ్చారు. ఆ ఊరి పేరు చదవడం రాలేదు గానీ ఏ కమ్మీ పొడుగో కనిపించింది. అది రాశాను. చాలా వాటి దగ్గర ఖాళీ వదిలేశాను. రానిచోట గుడ్డిగా టిక్కులు పెట్టొద్దని సారు ముందే చెప్పాడు.

ఆ కాగితాల్లో ఏం తేలిందో మాకెవరూ చూపించలేదు. మా బడి అడుగున ఉందని మాత్రం అందరూ అనుకున్నారు. అడుగున ఉందని తెలిశాక ఇంకో లెక్కల సారును పంపాలి కదా? ఉన్న సారును తీసేశారు. పై అధికారి మాట వినలేదని మెమో ఇచ్చి, భూపాలపల్లి అవతల అడవిలో ఒక బడికి పంపించారు. పదో తరగతి దాకా మాకు మళ్లీ లెక్కల సారు రాలేదు. క్లాసులో సగం మంది లెక్కల్లో ఫెయిలయ్యాం. నేనూ ఫెయిలయ్యాను.

అప్పుడు నాకు పెద్దసారు మీద కంటే మా సారు మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఒక్కదాన్నే బస్సులు మారి భూపాలపల్లి వెళ్లి, సారు అద్దెకుంటున్న ఇల్లు వెతికి, గడపలో నిలబడే అడిగేశాను: "మీ మొండితనానికి మాకు సారు లేకుండ వొయిండు. మీకేం వచ్చింది సారూ?"

ఇంకొకరైతే ధర్మం, న్యాయం అని ఏదో చెప్పేవారు. సారు అన్నం తింటున్నాడు. పళ్లెంలో సగం ఉల్లిగడ్డ ఉంది. పళ్లెం పక్కకు జరిపాడు. "నిజమే" అన్నాడు. "పరీక్షల కూసోవెట్టిన. లెక్కలు పూర్తిగ నేర్పకుండనే వొయిన. రా, కాళ్లు కడుక్కో." సప్లిమెంటరీ పరీక్ష దాకా వాళ్లింట్లోనే ఉన్నాను. సారు ఇంటావిడ అన్నం పెట్టింది, సారు లెక్కలు చెప్పాడు. పాసయ్యాను. లెక్కలే చదివాను. లెక్కల టీచర్నే అయ్యాను.

ఇక సంతాప సభ సంగతి. సారు ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు, "గణిత శిఖరం" అని రాశారు. బతికుండగా ఆయనకు ఫ్లెక్సీలంటే పడేది కాదు. ప్రైవేటు బడుల ముందు ర్యాంకుల ఫ్లెక్సీ కనబడితే బండి ఆపి, "దీంట్ల లేనోళ్లు ఎంతమందో అది గూడ రాయాలె" అని గొణిగేవాడు. ఫలానా దేశం పిల్లలు లెక్కల్లో ముందున్నారు, మనవాళ్లకు భాగహారం రాదు అని పేపర్లో పడితే, "ఆ దేశంల బడికొక లెక్కల సారు ఉంటడు. గది గూడ పోల్చుండ్రి" అనేవాడు. మెమో ఇచ్చిన ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి ఆ ఫ్లెక్సీకే దండ వేశాడు. రిటైరైన మా పెద్దసారు మైకు పట్టుకుని "సారు ఉన్నప్పుడు లెక్కలల్ల మన బడి ముందు వరుసల ఉండె" అన్నాడు. అందరూ తలలూపారు.

నేను లేచాను. "ముందు వరుసల లేకుండె సారూ, అడుగున ఉండె. అడుగున ఉన్నమని దాచనందుకే ఆయనను భూపాలపల్లి అవతలికి తోలిండ్రు" అన్నాను. పెద్దసారు మైకు కింద పెట్టాడు. కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆఫీసాయన గడియారం చూసుకున్నాడు.

కూర్చున్నాక బ్యాగులో రుమాలు కోసం వెతికితే ఆ కాగితం చేతికి తగిలింది.

రాష్ట్రం వచ్చింది. బడులకు రంగులు మారాయి. ఇప్పుడు నేను పాఠాలు చెప్తున్న బడికీ ఈ మధ్య అలాంటి పరీక్షే వస్తున్నదని తెలిసింది. మా హెడ్మాస్టరు మేడం "వెనకబడ్డ వాళ్లు ఒక ఐదారుగురు ఆ రోజు రాకుంటే బాగుంటది, చూడండి" అంది. నేను చూశాను. వలస పోయి వచ్చే కూలీల పిల్లలు ఇద్దరు, తండా పిల్లలు నలుగురు. పరీక్షలో కూర్చోబెడితే వాళ్లే చిన్నబోతారని నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరూ నా చెయ్యి పట్టి రాయించలేదు. ఆరు పేర్లూ నా అక్షరాలే. నన్ను గడప బయట నిలబెట్టినవాళ్ల మీద ఇన్నేళ్లు కోపం పెట్టుకున్న నేనే, ఇంకో ఆరుగురిని గడప బయట నిలబెట్టబోయాను.

సభ అయ్యాక మా పాత క్లాసుకు వెళ్లాను. సున్నం మీద సున్నం వేసినా మేకు గీతలు పూర్తిగా పూడలేదు. నా గీత చేతికి తగిలింది. దర్జీ వెనకే వచ్చి "ఇప్పుడు జర పెరిగినవ్ తియ్" అన్నాడు. నవ్వు రాలేదు.

మర్నాడు కాగితం మేడం ముందు చింపేశాను. అప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు. పరీక్ష బుధవారం. ఆరుగురి ఇళ్లకూ వెళ్లి, తప్పకుండా పంపమని చెప్పి వచ్చాను. నిన్న ఎనిమిదో తరగతికి సగటు పాఠం మొదలుపెట్టాను. తలుపు పక్కన గోడకు ఒక్కొక్కరినీ నిలబెట్టి మేకుతో గీతలు గీశాను. ఆరుగురిలో అందరికంటే చిన్నగా ఉండే పిల్ల గోడకు ఆనుకుని, ఊపిరి బిగబట్టి, మడమలు కొద్దిగా పైకి ఎత్తింది.

"దించు బిడ్డా. ఉన్నంతే గీస్త" అన్నాను.

దించింది. మేకు గీసినచోట రాలిన సున్నం ఆ పిల్ల నూనె రాసిన జుట్టు మీద తెల్లగా పడింది.