చెరువు మధ్యలో లీడర్‌గారు

దండెం మీద ఆ ప్యాంటు చూశారా? ఎంత ఉతికినా బురద మరకలు పోలేదు. పొలం పనికి వెళ్లి తెచ్చుకున్నవి కావండీ, నిన్న ఎం.టెక్. వైవాలో తెచ్చుకున్నవి! నవ్వకండి, టీ పొలమారుతుంది.

ఆత్రేయపురం దగ్గర మా మావగారి చేపల చెరువులో గడలు పాతి, వాటికి సెన్సర్ డబ్బాలు కట్టాను. నీళ్ల వేడి ఎంతుందో కొలిచి వైర్‌లెస్‌లో పంపుతాయి. అన్నీ గట్టుదాకా పంపితే బ్యాటరీలు ఊరికే అయిపోతాయి కదా! అందుకని ఒక డబ్బా లీడర్. మిగతావి దానికి కబురు చెప్పేసి నిద్రపోతాయి. లీడరే అన్నీ పోగేసి గట్టు మీద షెడ్డులో ల్యాప్‌టాప్‌కి పంపాలి. చాకిరీ అంతా దానిదే కాబట్టి కాసేపయ్యాక ఇంకో డబ్బా లీడరవ్వాలి. నా థీసిస్ మొత్తం ఇంతే: లీడర్ని మారుస్తూ ఉంటే బ్యాటరీ ఆదా!

ఇది పాసైతేనే కాలేజీలో నా లెక్చరర్ ఉద్యోగం పర్మనెంట్. లేకపోతే నా కుర్చీలో ఇంకొకరు.

నిన్న పొద్దున్నే నా డెమో చూడ్డానికి విశాఖ నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారు వస్తున్నారు. ఇక్కడే నా బుర్ర గడ్డి తింది. లీడర్ మారినప్పుడల్లా స్క్రీన్ ఒక్క క్షణం ఖాళీ అవుతుంది. సరిగ్గా ఆయన చూసేటప్పుడే అయితే? భయమేసి ఆ మార్పు ఆపేశాను. నాకింకా పర్మనెంట్ కాలేదు గానీ, చెరువు మధ్యలో డబ్బాకి పర్మనెంట్ లీడర్ పదవి ఇచ్చేశాను! దానికి నిద్ర కూడా రద్దు. ఆయన చూసేది కాసేపేగా అనుకున్నాను.

గోదావరి జిల్లాలో పుట్టి ఆ మాట అనుకున్నానంటే నన్నేమనాలి?

ఆయన కారు దిగీ దిగగానే మావగారు ఎదురెళ్లారు. "రండి రండి! ముందు టిఫిను చేద్దురుగాని."

"డెమో చూసేసి తింటానండీ."

"చెరువెక్కడికీ పోదండీ బాబూ. పెసరట్టు చల్లారిపోద్ది!"

పెసరట్టయ్యాక పూతరేకులు. పూతరేకులయ్యాక కొబ్బరితోటంతా తిప్పడం. నేను షెడ్డుకి పరిగెత్తి చూస్తే లీడర్ బ్యాటరీ సగమే ఉంది. మార్పు మీట ఆ డబ్బా మీదే ఉంది, డబ్బా నడి చెరువులో ఉంది. ఇప్పుడు దోనె ఎక్కితే దొరికిపోతాను.

"సార్, ఇక వెళ్దామాండీ?" అన్నాను.

"అదేంటి అల్లుడుగారూ!" మావగారు కళ్లెర్రజేశారు. "భోజనాల వేళ మనిషిని ఎండలోకి లాక్కెళ్తారా?"

అత్తగారు ఊళ్లో లేక వంటంతా మా ఆవిడ పద్మ మీదే పడింది. "కాస్త తొందరగా వడ్డించవే," అని గుసగుసలాడాను.

"నాకున్నవి రెండు చేతులే," అంది చెమట తుడుచుకుంటూ.

ఆయన పనసపొట్టు కూర మారు వేయించుకున్నప్పుడు బ్యాటరీ పావు వంతు. పెరుగన్నంలోకి వచ్చేసరికి ఎర్రగీత. నేను తినడం మానేసి షెడ్డుకీ పంక్తికీ తిరుగుతూనే ఉన్నాను!

చివరికి షెడ్డుకొచ్చాం. స్క్రీన్ నల్లగా ఉంది.

"మిగతా డబ్బాల్లో ఛార్జి లేదా?" అన్నారాయన.

"నిండా ఉందండి."

"మరి పలకవేం?"

"లీడర్‌కే చెప్పుకుంటున్నాయండి. ఆయన పోయినట్టు వాటికి తెలీదండి."

"లీడర్ మారాలి కదా?"

"ఆపేశానండి... మీకు బాగా కనబడాలని."

ఆయన నల్లటి స్క్రీన్ వైపోసారి, నడి చెరువులో డబ్బా వైపోసారి చూశారు. మావగారికి కూడా తిండి మాట గుర్తురాలేదంటే అర్థం చేసుకోండి.

"మార్చకపోతే ఏమవుతుందో చూశాను," అన్నారు చివరికి. "మారిస్తే ఏమవుతుందో చూపించండి."

కొత్త బ్యాటరీ పట్టుకుని తాటిదోనె ఎక్కాను. గడ దగ్గర లేచి నిలబడ్డానో లేదో, దోనె ఒక పక్క, నేనో పక్క! బ్యాటరీ ఉన్న చెయ్యి మాత్రం పైకే ఉంచాను. మొలలోతు బురదనీళ్లలో నిలబడే అది మార్చి మీట వేశాను. స్క్రీన్ వెలిగింది. కాసేపటికి ఒక్క క్షణం ఖాళీ అయింది.

"ఆ, లీడర్ మారింది!" అని చప్పట్లు కొట్టారాయన. పొద్దుటినుంచీ నేను హడలిచచ్చింది ఆ ఖాళీకేనండీ!

పాసయ్యాను. తడి ప్యాంటుతోనే వంటింట్లోకెళ్లి, "పద్మా, పాస్! ఒక మంచి కాఫీ!" అన్నాను.

ఆవిడ చేతిలో గరిట నా చేతికిచ్చింది. "లీడర్ని మార్చాలని పుస్తకం రాశారుగా. పెళ్లైన దగ్గర్నుంచీ మన వంటింటికి లీడర్ని నేనే," అంది.

అందుకే అడుగుతున్నాను, టీ ఎలా ఉంది? నేనే పెట్టాను. నిన్నటినుంచీ వంటింటి లీడర్ని నేనే. మార్పు మీట మాత్రం ఆవిడ దగ్గరుంది!