ఫ్రాన్స్‌లో ఒక బెడ్ ఖాళీ

రెండో కాలు కూడా గోరువెచ్చటి నీళ్లలో పెట్టించి మడమ రుద్దే రాయి చేతిలోకి తీసుకుంటూ ఉండగానే, కుర్చీలో కూర్చున్న ఇంగ్లీషు అమ్మాయి ఫోనులో ఎవరితోనో పాస్‌పోర్టు లైన్ల గురించి విసుక్కుంటూ మధ్యలో బ్రెగ్జిట్ అంది, ఇక నాకు నవ్వు ఆగలేదు. కస్టమర్ కాలు చేతిలో పెట్టుకుని నవ్వకూడదు, అందుకని దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాను. పక్క కుర్చీ దగ్గర పని నేర్చుకుంటున్న కొత్తమ్మాయి ఏమైందన్నట్టు కళ్లెగరేసింది. ఆ మాట మూలంగా నేనొకసారి ఒక ఇంగ్లీషు పెద్దావిడకి ఫ్రాన్స్‌లో మంచం చూసిపెట్టాను, ఆ మంచం మూలంగా నా ఉద్యోగం మీదికి వచ్చింది అని చెబితే ఆ పిల్ల నమ్ముతుందా? నమ్మదు. మీరు నమ్ముతారు. ఆ రోజుల్లో దుబాయ్‌లో బతికిన మనవాళ్లకి ఇందులో వింతేమీ కనబడదు.

ఇంటర్నేషనల్ సిటీలో బిల్డింగుల గుంపులకి దేశాల పేర్లు పెట్టారు కదా, చైనా, రష్యా, ఫ్రాన్స్, మొరాకో, స్పెయిన్ అని. మేము ఇంగ్లండ్‌లో ఉండేవాళ్లం. బస్సులో ఎవరైనా అడిగితే ఇంగ్లండ్ అనే చెప్పేవాళ్లం, కింద కిరాణా కొట్టుకి ఫోన్ చేసి ఇంగ్లండ్‌కి రెండు పెరుగు డబ్బాలు పంపమనేవాళ్లం. కొత్తలో నేను ఇంటికి ఫోన్ చేసి ఇంగ్లండ్‌కి మారానని చెబితే, పదో తరగతితో చదువు ఆపేసిన పిల్ల లండన్ దాకా వెళ్లిపోయిందని మా చిన్నమ్మ రాజోలంతా చెప్పుకొచ్చింది. అది సరిదిద్దడానికి నాకు మనసొప్పలేదు, ఇప్పటికీ కొంతమంది అలాగే అనుకుంటున్నారు, అనుకోనివ్వండి.

మా ఫ్లాటులో ఒక పెద్ద గదిని ప్లైవుడ్ చెక్కలతో మూడు ముక్కలు చేశారు. ఫ్లాటు చూసుకునేది కడప అక్క. వయసుకి మా అమ్మ ఈడుదే అయినా అక్క అనకపోతే పలికేది కాదు, ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేది. రెండో ముక్కలో జగిత్యాల వదిన, ఆవిడ ఒక బడిలో క్లీనింగ్ పనికి వెళ్లేది. మూడో ముక్క నాది, అందులో మంచం వేశాక నిలబడడానికి చోటు ఉండేది కాదు కాబట్టి నేను చీర కట్టుకోవాలంటే మంచమెక్కి కట్టుకునేదాన్ని. ఇలా చెక్కలు కొట్టుకుని ఉండడం మున్సిపాలిటీవాళ్లు ఒప్పుకోరు, చెకింగ్‌కి వస్తున్నారన్న మాట ఎక్కడో వినబడితే చాలు మేం ముగ్గురం లైట్లన్నీ ఆర్పేసి కూర్చునేవాళ్లం.

ఇంకో భయం ఎగ్జిట్. ఆ మాట మీకు కొత్త కాదు. కఫీల్‌కి, అంటే మన వీసా చేతిలో పెట్టుకున్న యజమానికి, కోపం వచ్చినా, కంపెనీ మూతపడినా, వీసా క్యాన్సిల్ చేసి విమానం ఎక్కించేస్తే దాన్ని ఎగ్జిట్ కొట్టడం అనేవాళ్లం. ఎగ్జిట్ అనేది ఎప్పుడూ ఎవరో ఒకరు మనకి కొట్టేదే, దెబ్బ కొట్టినట్టు. ఎవరికైనా కొట్టారని తెలిస్తే ఆ రోజు మా బిల్డింగులో పాటలు పెట్టేవారు కాదు.

నేను అప్పుడు జుమేరా వైపు ఒక ఖరీదైన లేడీస్ సెలూన్‌లో కాళ్ల పని చేసేదాన్ని. వచ్చేవాళ్లంతా తెల్లవాళ్లు, ఇంగ్లీషువాళ్లూ జర్మనీవాళ్లూ ఇటలీవాళ్లూ. అది 2020 జనవరి నెలాఖరు. ఆ వారమంతా వాళ్ల మధ్య ఏదో రగులుతూనే ఉంది. ఎప్పుడూ పక్కపక్క కుర్చీలు అడిగేవాళ్లు దూరదూరంగా కూర్చున్నారు, ఒకరు టీవీ సౌండు పెంచమంటే ఇంకొకరు తగ్గించమన్నారు. గురువారం నాడు ఒక పొడుగావిడ మా అందరికీ చాక్లెట్లు పంచింది, నేనూ రెండు తీసుకున్నాను. అదే సమయానికి నా చేతుల్లో కాళ్లు పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ మాత్రం చాక్లెట్ వద్దని తల తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. నాకొచ్చిన ఇంగ్లీషుకి అందినవి నాలుగు మాటలు. ఇంగ్లండ్. ఎగ్జిట్. రేపు. ఖాళీ. టీవీలోనూ అవే మాటలు.

ఇంకేం కావాలి నాకు? బస్సు దిగిన దగ్గర్నుంచి పరుగున ఇంటికెళ్లి, రేపటికల్లా ఇంగ్లండ్ ఖాళీ చేయాలట, టీవీలో కూడా చెప్పేశారట, ఇంగ్లీషు దొరసానులే ఏడుస్తున్నారు అని చెప్పేశాను. కడప అక్క వెంటనే నమ్మింది, ఎందుకంటే మొన్ననే కింద ఎవరో కొలతలు తీసుకుంటుంటే చూసిందట. పొయ్యి మీద ఉన్న పప్పు దించి, ముందు ఊరగాయ జాడీలకి ప్లాస్టిక్ చుట్టడం మొదలుపెట్టింది, ఆ తర్వాతే బట్టలు. ఫ్రాన్స్‌లో అక్కకి ఒక చెల్లెలు ఉండేది, ఆవిడకి ఫోన్ చేస్తే ఫ్రాన్స్‌కి ఏమీ కాలేదు, అందరూ ఉన్నారు, కిటికీ పక్కన ఒక బెడ్ ఖాళీ ఉంది రమ్మంది. ఒక్క బెడ్, ముగ్గురం మనుషులం. జగిత్యాల వదిన మాత్రం గుమ్మంలో చాప పరిచి దాని మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

"పొమ్మంటే పోతమా? నేనైతే ఒక్క చీర గూడ మడువ. ఎవడొస్తడో రానీ, నన్ను దాటి పోవాలె."

ఆవిడ అలా కూర్చుంటే నాకూ ఎక్కడలేని ధైర్యం వచ్చి, సగం సర్దిన పెట్టె తిరగేసి మళ్లీ మంచం కిందికి తోసేశాను.

మర్నాడు శుక్రవారం. సాయంత్రం ఆ పెద్దావిడ మళ్లీ వచ్చింది, ఈసారి గోళ్లకి రంగు వద్దంది, ఊరికే కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంటానంది. కాసేపటికి కళ్లమ్మట నీళ్లు. నాకు గుండె తరుక్కుపోయింది. ఇంత వయసులో, ఇంత మంచి చెప్పులు వేసుకునే మనిషి, ఇల్లు ఖాళీ చేసి ఎక్కడికి పోతుంది? మేమంటే నేల మీద పడుకుంటాం. అందుకని చుట్టూ చూసి, ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి చెప్పాను.

"మేడమ్, నో క్రై. ఫ్రాన్స్, వన్ బెడ్ ఎంప్టీ. విండో సైడ్. యూ కమ్, ఐ టెల్ సిస్టర్."

ఆవిడ నా వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. ముందు నవ్వింది, తర్వాత తడి కాళ్లతోనే ముందుకి వంగి నన్ను కావిలించుకుని పెద్దగా ఏడ్చేసింది. వాళ్ల కూతురూ మనవళ్లూ ఉండేది ఫ్రాన్స్‌లోనట, నిజం ఫ్రాన్స్‌లో. అది నాకెలా తెలుస్తుంది? ఆవిడ మాత్రం నాకు అంతా తెలిసే అన్నాననుకుంది.

అవతల కుర్చీలో పొడుగావిడ ఉంది. ఆవిడకి వినబడింది ఇంకోలా. కాళ్లు కడిగే పిల్ల ఒక ఇంగ్లీషు మనిషిని పట్టుకుని ఫ్రాన్స్‌కి పోయి పడుకోమంటుందా అని లేచి నిలబడింది. మా దేశాన్ని ఎవరూ బయటికి తొయ్యలేదు, మా అంతట మేమే లేచి బయటికొచ్చాం, మాకు ఎవరి దయాదాక్షిణ్యాలూ అక్కర్లేదు అని గట్టిగట్టిగా అంది. జర్మనీ ఆవిడ ఏదో ఎదురు చెప్పింది, ఇటలీ ఆవిడ చప్పట్లు కొట్టింది, ఎవరి వైపు కొట్టిందో తెలియలేదు. పెద్దావిడ నా చెయ్యి వదల్లేదు, ఈ పిల్ల ఒక్కతే నన్ను ఎక్కడికి పోతావని అడిగింది అంటూనే ఉంది.

మేనేజర్ మేడమ్ నన్ను తువ్వాళ్ల గదిలోకి లాక్కెళ్లి హిందీలో అరిచిన అరుపుల్లోనే వాళ్లన్న మాటలకి అర్థమూ, అసలు సంగతీ నాకు తెలిశాయి. అది మా ఇంగ్లండ్ కాదు, సముద్రాలవతల ఉండే ఇంగ్లండ్ దేశమట. చాలా దేశాలు కలిసి ఒక జట్టుగా వ్యాపారాలూ చట్టాలూ చూసుకునేవట, ఆ జట్టులోంచి ఇది విడిపోయిందట, దానికి సగం మంది పండగ చేసుకుంటే సగం మంది ఏడుస్తున్నారట. నేను విని, హమ్మయ్య, మా గది మాకుంది అనుకున్నాను. నా మొహంలో ఆ సంతోషం చూసి మేడమ్‌కి ఇంకా మండింది. రేపు పొద్దున పొడుగావిడ వస్తుంది, అందరి ముందూ ఆవిడ చేతులు పట్టుకుని క్షమించమని అడగాలంది.

"సారీ బోలో, నహీ తో ఎగ్జిట్. ఖలాస్."

ఇంటికెళ్లి చెబితే ముందు అరగంట నవ్వులే. జాడీల చుట్టూ ప్లాస్టిక్ విప్పుతూ అక్క నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. తర్వాత ఆ విడిపోవడం మీద అక్కకీ వదినకీ వాదన పడింది. కలిసున్న ఇంట్లోంచి ఒకరు విడిపోతే అందరి కూడూ చల్లారిపోతుందని అక్క, ఎవరి పొయ్యి వాళ్లు పెట్టుకుంటే తప్పేంటని వదిన. మా రాష్ట్రం మేము తెచ్చుకోలేదా అని వదిన అనేసరికి ఇంగ్లండ్ ఎటో పోయి హైదరాబాదు వచ్చింది మధ్యలోకి. ఆ తగువు ఎన్నిసార్లు విన్నానో. అంత పోట్లాడుకుని, మధ్యలో ఒకే చెక్క అడ్డం పెట్టుకుని, ఒకే కుక్కర్‌లో అన్నం వండుకుని తినేవాళ్లు ఇద్దరూ. చివరికి నా సంగతి గుర్తొచ్చి అక్క నా పక్కన కూర్చుంది.

"ఒక్క సారీ చెప్తే నీ నోరేమన్నా అరిగిపోతాదా మే? ఎగ్జిట్ కొడితే యాడికి పోతావు నువ్వు?"

"నేనేం తప్పన్నానక్కా? పడుకోడానికి చోటుందని చెప్పాను, అంతేగా. దానికి చేతులు పట్టుకోవాలా?"

ఉద్యోగం పోతే నాకు వెనక్కి వెళ్లడానికి ఏమీ లేదని ముగ్గురికీ తెలుసు. అయినా ఆ మాట నా నోట్లోంచి అలా వచ్చేసింది, వచ్చాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. వదిన కూర గిన్నె నా వైపు జరిపి, ఆ పొడుగామె మాట ఒక్కటి మంచిగున్నది అంది.

"తోలితే పోవుడు వేరు పిల్లా, లేచి పోవుడు వేరు. ఉంటవో పోతవో నీ ఇష్టం, గని తోలనీకు."

ఇప్పుడు ఇదంతా రాస్తుంటే నవ్వుతోపాటు ఏదో దిగులుగా ఉంది. ఆ తర్వాత కొన్నాళ్లకే కరోనా వచ్చి అక్కని కడపకి పంపేసింది, ఆవిడ మళ్లీ రాలేదు. వదిన కువైట్ వెళ్లింది. మా ఇంగ్లండ్‌లో చెక్కలన్నీ పీకేశారు, ఆ ఫ్లాటులో ఇప్పుడొక కుటుంబం ఉంటోంది, బాల్కనీలో చిన్న సైకిలు కనబడుతుంది. ఆ పెద్దావిడ ఫ్రాన్స్ చేరిందో లేదో నాకు తెలియదు. ఈ రోజుల్లో ఏ దేశం ఏ జట్టులో ఉందో, ఎందుకు విడిపోయిందో ఫోను తీస్తే మా కొత్తమ్మాయి కూడా చెప్పేస్తుంది, నాలాగా పొరబడి పరుగెత్తుకొచ్చేవాళ్లు ఎవరూ లేరు. మంచిదే. కానీ ఎదుటి మనిషి ఏడుస్తుంటే నీకు పడుకోడానికి చోటుందా అని అడిగేవాళ్లూ నాకు కనబడడం లేదు. అంతా తెలిసినవాళ్లం అయిపోయాం, ఇక అడగడానికి ఏముంది?

ఆ శనివారం పొద్దున నేను సెలూన్‌కి వెళ్లేసరికే పొడుగావిడ వచ్చి కూర్చుని ఉంది. మేనేజర్ మేడమ్ నా భుజం పట్టుకుని ఆవిడ ముందుకి నడిపించింది. నేను ఆవిడకి గుడ్ మార్నింగ్ చెప్పాను, మీ చాక్లెట్లు బాగున్నాయని కూడా చెప్పాను, నిజంగానే బాగున్నాయి. తర్వాత మేడమ్ వైపు తిరిగి, మీరు కొట్టక్కర్లేదు, నా ఎగ్జిట్ నేనే తీసుకుంటున్నాను, వీసా క్యాన్సిల్ పని మొదలుపెట్టండి అని నాకొచ్చిన హిందీలో, తొణక్కుండా చెప్పేశాను. ఏప్రాన్ విప్పి మడిచి ఆవిడ చేతికిచ్చి, బస్సెక్కి ఇంటర్నేషనల్ సిటీలో దిగాను. క్యాన్సిల్ అయ్యాక ఇంకో పని వెతుక్కోడానికి నెల రోజులు గడువుంటుంది, అందుకని ఇంటికి వెళ్లలేదు. చైనా వైపు నడుచుకుంటూ పోయి, మొట్టమొదట కనబడిన లేడీస్ సెలూన్ తలుపు తోసి, నాకు కాళ్ల పని బాగా వచ్చు, మనిషి కావాలా అని అడిగాను.