మూడో అంతస్తు ఇంగ్లీషు

మా అక్కకి ఇంగ్లీషు రాదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. వచ్చు. ఎవరి నోటి నుంచి నేర్చుకుందో తెలిస్తే ఆ మాట అన్నవాళ్ళే తల దించుకోవాలి. దించుకోరు, అది వేరే సంగతి.

అక్క ఒక పెద్ద హోటల్లో మూడో అంతస్తు గదులు సర్దుతుంది. నేను అదే హోటల్లో కింద లాండ్రీలో ఉంటాను. ఆమె విప్పిన దుప్పట్లు నా దగ్గరికి వస్తాయి, నేను ఇస్త్రీ చేసినవి ఆమె దగ్గరికి వెళతాయి. ఇల్లు గడవక అక్క చదువు మధ్యలోనే ఆగిపోయింది కానీ నోరు మాత్రం ఎప్పుడూ ఆగలేదు. చిన్నప్పుడు వీధిలో ఎవరైనా నా మీద చెయ్యి వేస్తే, వాళ్ళ గుమ్మం ముందు నిలబడి తాతముత్తాతలతో సహా కడిగి ఆరేసేది. అలాంటి మనిషి హోటల్లో చేరాక "ఎస్ సర్", "ఎస్ మేడమ్" తప్ప మరో మాట లేకుండా బతికింది. కడుపు కోసం అన్నీ దిగమింగుకుంది.

హోటల్ పరుపు అంటే మన ఇంట్లో పరుపు కాదు. ఒక చేత్తో దాన్ని ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో దుప్పటి అంచుని బిగించి కిందికి దోపాలి. వంగకుండా అది కాదు. ఏళ్ళ తరబడి వంగి వంగి అక్క నడుము పాడైపోయింది. డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పేసింది: "ఇంక వంగే పని మానెయ్. కూర్చునే పని చూసుకో. లేదంటే నువ్వే మంచం పడతావు." మాలాంటి వాళ్ళకి హోటల్లో కూర్చునే పని ఎక్కడిది? అప్పుడే రిసెప్షన్లో ఒక కుర్చీ ఖాళీ అవుతోందని, లోపల పనిచేసేవాళ్ళు కూడా అడగొచ్చని నోటీసు పెట్టారు. ఇంగ్లీషు గడగడా మాట్లాడితే చాలట.

అక్క ఆ కుర్చీ మీద ప్రాణం పెట్టుకుంది. వీధి చివర స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరింది. ఆ మాస్టారు నేర్పిన ఇంగ్లీషు తలుచుకుంటే నాకు ఇప్పటికీ చిర్రెత్తుకొస్తుంది. "ఐ షల్ బి హైలీ ఆబ్లైజ్డ్ టు యూ" అని పిల్లాజెల్లా అందరిచేతా గొంతెత్తి అనిపించేవాడు. అది అర్జీలో రాసుకునే మాట, మనిషితో అనే మాట కాదు. పాపం అక్కకేం తెలుసు? లిఫ్టు తలుపు ఆపి ట్రాలీకి దారి ఇచ్చిన ఒకాయనతో ఆ మాటే అంది. ఆయన పగలబడి నవ్వాడు. నవ్వింది చాలక, ఫోన్ తీసి ఎవరికో చెప్పి మళ్ళీ నవ్వాడు.

మర్నాడు అక్క క్లాసులో అడిగేసింది. "మాస్టారూ, మామూలు మనుషులు మామూలుగా ఏమంటారో అది చెప్పండి."

"ముందు ఇవి బట్టీ పట్టమ్మా. మామూలు మాటలు వాటంతటవే వస్తాయి."

వాటంతటవే వస్తాయట, ఆయన మొహం! అక్క ఆ రోజే క్లాసు మానేసింది. ఇంగ్లీషు మాట్లాడే మనుషులు రోజంతా తన చుట్టూనే ఉంటే మాస్టారెందుకు అంది.

నిజమే, ఉన్నారు. గది సర్దే మనిషి లోపలికి వస్తే అతిథులు మాట ఆపరు. పక్కన బీరువా ఉందని మాట ఆపుతామా? అక్క దిండు గలేబులు మారుస్తూ చెవులు అప్పగించేది. కొత్త మాట చెవిన పడితే గది దాటి ట్రాలీ దగ్గరికి వచ్చేదాకా గొణుక్కునేది. భోజనాల వేళకి నా దగ్గర వాలిపోయేది.

"ఏమే, ఇది విను. 'యూ మస్ట్ బి జోకింగ్.' అర్థమేంటో చెప్పు."

"జోక్ చేస్తున్నావా అని."

"నీ మొహం. నేను నీకెలా కనిపిస్తున్నానూ అని! అలా అన్నప్పుడు వాళ్ళ మొహం చూస్తే నీకే తెలుస్తుంది."

ఇంట్లో కూడా అదే గోల. బావ స్నానానికి ఆలస్యం చేస్తే "ఐ డోంట్ హావ్ ఆల్ డే" అని తలుపు బాదేది. ఒక రోజు కూరలో ఉప్పు తగ్గితే, బావ కంచం ముందుకి నెట్టి, పెద్ద దొరలా గొంతు పెట్టి "దిస్ ఈజ్ నాట్ గుడ్ ఎనఫ్" అన్నాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. ఆ మాటలన్నీ ఎలాంటివో మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఇంటర్వ్యూ భోజనాల హాల్లో పెట్టారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కడ ఎవరూ ఉండరు. నేను లాండ్రీ నుంచి ఉతికిన గుడ్డలు తెచ్చి బల్లల మీద మారుస్తున్నాను. మేనేజరు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు, ఎదురు కుర్చీలో అక్క.

"నేను అతిథిని. దూరం నుంచి వచ్చాను. గది ఇంకా సిద్ధంగా లేదు. కోపంగా ఉన్నాను. నువ్వు కౌంటర్లో ఉన్నావు, మాట్లాడు" అని చెప్పి ఇంగ్లీషులో గదమాయించాడు.

అక్క నడుము నిటారుగా పెట్టి, గడ్డం పైకెత్తింది. "లుక్, దట్స్ నాట్ మై ప్రాబ్లమ్" అంది.

మేనేజరు బిత్తరపోయాడు. అక్క ఆగలేదు. "ఐ డోంట్ హావ్ ఆల్ డే. హౌ మెనీ టైమ్స్ డు ఐ హావ్ టు టెల్ యూ?" ఎక్కడా తడబాటు లేదు. ఆ విరుపు, ఆ విసురు, వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా దించేసింది. అప్పుడు ఆయన మొహం చూసింది. మాట మార్చాలని నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మెత్తటి మాట ఒక్కటి కావాలి, ఒక్కటంటే ఒక్కటి లేదు.

"ఎక్కడ నేర్చుకున్నావ్ ఈ పొగరు ఇంగ్లీషు?" అన్నాడు మేనేజరు, తెలుగులోకి దిగి.

"మూడో అంతస్తులో సార్."

"అతిథులతో ఇలాగేనా మాట్లాడేది?"

"అతిథులు మాతో ఇలాగే మాట్లాడతారు సార్. 'హౌ మెనీ టైమ్స్' మాత్రం మీదే."

మేనేజరు మొహం కందగడ్డలా అయింది. అక్క మాత్రం ఎగతాళికి అనలేదు, ఉన్నమాట అంది.

"మీరైతే ఏమనేవారో చెప్పండి సార్. నేర్చుకుంటాను."

తన గొప్ప చూపించుకునే అవకాశం వదులుతాడా? గొంతులో తేనె పోసుకుని అన్నాడు: "అయామ్ సో సారీ అబౌట్ దట్. లెట్ మీ సీ వాట్ ఐ కెన్ డు ఫర్ యూ."

అక్క వెంటనే అదే మాట అంది. అంతే మెత్తగా, అంతే ఆప్యాయంగా. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. అనేసి, ఆయన వంక చూసింది.

"ఒక్కసారి వింటే చాలు సార్ నాకు, వచ్చేస్తుంది. నడుము పోయిందని మీ గదికొచ్చి ఏడ్చాను చూడండి, ఆ రోజైనా ఈ మాట నాతో అని ఉంటే ఇవాళ నాకు వచ్చేది కదా."

ఆ పెద్దమనిషి తల దించుకున్నాడు. సిగ్గుతో అనుకుంటున్నారేమో, కాదు. వాచీ చూసుకుంటున్నాడు.

"నీకు నోరెక్కువ. కుర్చీలో కూర్చోబెడితే అతిథులు పారిపోతారు. పైకి వెళ్ళు, సాయంత్రానికి కొత్తవాళ్ళు దిగుతున్నారు. పరుపులు మార్చాలి."

బల్ల మీదున్న నీళ్ళ జగ్గు ఆయన నెత్తిన కుమ్మరించాలనిపించింది నాకు. అక్క కళ్ళతోనే వద్దంది. కుర్చీ ఆసరాగా పట్టుకుని లేచి, మూడో అంతస్తుకి వెళ్ళి, వంగింది.