నీడపక్క సీటు

మా గురజాల వైపు మనిషి బస్సెక్కే ముందు ఆకాశం చూస్తాడు. పొద్దు ఎటుంది, బస్సు ఎటు తిరుగుతుంది, ఏ పక్క నీడ పడుతుంది, అంతా కిందే చూసుకుని అప్పుడు ఎక్కుతాడు. నాకు ఆ విద్య మా అమ్మ నేర్పింది. మాచర్ల బస్సు రాగానే నన్ను ముందుకు తోసి, "ఒరేయ్, నీడపక్క పట్టు! కిటికీ పట్టు!" అని వెనకనుంచి కేకలేసేది.

అరవైల్లో నేను హైదరాబాదులో గుమాస్తాని. ఒక జనవరిలో మా ఆఫీసరు జ్వరాన పడితే, ఆయన తీసుకెళ్లాల్సిన కాగితాలు నా చేతికిచ్చి బెజవాడ విమానం ఎక్కించారు. మా వంశంలో విమానమెక్కిన మొదటి మొనగాణ్ణి నేనే! ఆ విమానం మా పల్లెకు ఉత్తరాన, కృష్ణ మీదుగా పోయేది. ముందే ఇంటికి కార్డు రాశాను. అమ్మ మా చెల్లెలి చేత జవాబు రాయించింది: "మిద్దెక్కి ఎర్ర దుప్పటి ఊపుతా. చూడు నాయనా." అమ్మది ఆయాసం ఒళ్లు. నాలుగడుగులేస్తే రొప్పేది.

విమానం రెండు గంటలు ఆలస్యమైంది. ఎవరెక్కడైనా కూర్చోవచ్చన్నారు. విమానం పంకాలు రెండూ, రెక్కలూ కిటికీలకు పైన ఉన్నాయి, కిందంతా బాగా కనిపిస్తుందట. ఇక నేనాగుతానా? మెట్ల దగ్గరే నిలబడి పొద్దు చూశాను. పోయేది తూర్పుకు. చలికాలం పొద్దు దక్షిణాన ఉంది. అంటే నీడ ఎడమ పక్క! ఇద్దరు పెద్దమనుషుల్ని తోసుకుంటూ పోయి కిటికీ పట్టాను. చుక్క ఎండ పడలేదు. ఎంత మురిసిపోయానో.

కాసేపటికి అవతలి వరుసలో ఎవరో "అదుగో కృష్ణ" అన్నారు. అప్పుడు తట్టింది. మా ఊరు దక్షిణాన, ఎండపక్క! బుర్ర ఉన్నవాడు చేసే పనేనా ఇది? దిగ్గున లేచాను. విమానం కుదుపుల్లో ఉంది, కూర్చోమని కసిరారు. అవతలి కిటికీకి అడ్డంగా ఒక లావుపాటి వీపు. నేను చూసింది అదే. అంత ఎత్తునుంచి దుప్పటి కనపడదని తర్వాత తెలిసింది. అయినా అటు చూసి ఉండాల్సింది.

మర్నాడు ఇంటికి చేరేసరికి అమ్మ మంచంలో ఉంది. విమానం వచ్చేదాకా మిద్దె మీదే ఎండలో నిలబడిందట.

"దిగమంటే దిగలా అన్నయ్యా. చానా రొప్పింది," అంది చెల్లెలు.

అమ్మ ముఖం మాత్రం వెలిగిపోతోంది. "కనపడ్డానా నాయనా?"

ఒక్క అబద్ధమాడితే నా సొమ్మేం పోయేది? నోరు రాలేదు. "నీడపక్క కూర్చున్నానమ్మా," అన్నాను.

అమ్మ నా చెయ్యి నిమిరింది.

"పోనీలేరా. ఎండ తగల్లేదు గదా నీకు."

నాలుగోనాడు అమ్మను సమాధుల తోటలో పెట్టాం. ప్రార్థన జరుగుతున్నంతసేపూ జనమంతా వేపచెట్టు కింద నిలబడ్డారు. "ఏందిరా అక్కడ, నీడకు రా," అని మేనమామ పిలిచాడు.

నేను పోలేదు.