దొండాకు రుద్దిన టాబ్లెట్

నా చివరి ఏడాది చదువును నేనే నీళ్ళలో ముంచుకున్న వైనం చెబుతాను. నవ్వండి, తప్పులేదు. మా అవ్వను మాత్రం ఒక్క మాట అనకండి.

అప్పుడు తమిళనాడు ధర్మపురిలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. కూర్చుంటే లేవాలని, లేస్తే తిరగాలని అనిపించే రకం. చదువుకు కంప్యూటర్ కొనిస్తానన్నాడు నాయన. నా తోటివాళ్ళంతా లాప్‌టాప్ అన్నారు. నాకు అందరికీ ఉన్నది ఎందుకు? కీబోర్డే లేకుండా, తెర మీద కలంతో రాసే టాబ్లెట్ కావాలని పట్టుబట్టాను. మా ఊళ్ళో దాన్ని చూసినవాడే లేడు. నాకు కావలసిందీ అదే.

అంగట్లో బొమ్మ చూసొచ్చిన నాయన అడిగినాడు. "టైపు కొట్టే మీటలేవిరా దీనికి?"

"అవసరం లేదు నాయనా. పలకే అనుకో! రాసుకోవచ్చు, తుడుచుకోవచ్చు."

"పలక పట్టుకొని కాలేజీకి పోతావా?"

తిన్నె మీదున్న అవ్వ ఊరుకోలేదు. "పిలగాడు పలక అడిగితే ఇయ్యనంటావేమిరా? కొనీ!"

అవ్వ మాటకు ఎదురు లేదు. బెంగళూరు నుంచి టాబ్లెట్ వచ్చింది. కాలేజీ సెమినార్‌కు కావలసిన బొమ్మలన్నీ అందులోనే గీశాను. ఇంకోచోట కాపీ పెట్టుకున్నానా? అంత బుద్ధే ఉంటే ఈ కథ మీకెందుకు చెబుతాను?

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. కొడవలి, నాగలి కర్రు, మోటారు స్పానర్ల పక్కన నా టాబ్లెట్‌నూ పెట్టి గంధం బొట్టు పెట్టింది అవ్వ. "రేపు పొద్దున దాకా తాకకూడదు," అంది. ఎల్లుండే సెమినార్! పూజగది గుమ్మం దాకా పోతాను, వెనక్కి వస్తాను, మళ్ళీ పోతాను.

"కూర్చోరా, నిన్ను చూస్తే నాకు తల తిరగతా ఉంది," అంది అమ్మ.

"కూర్చుంటే చేతులు దురద పెడతాయమ్మా!"

మరునాడు విజయదశమి. లేస్తూనే పూజగదికి పరిగెత్తాను. కొడవలి ఉంది. కర్రు ఉంది. టాబ్లెట్ లేదు.

"అవ్వా! నా టాబ్లెట్ ఏది?"

"పెరట్లో ఆరబెట్టినాను."

ఒక్క పరుగున పెరట్లోకి పోయాను. బట్టలుతికే రాతికి ఆనించి, ఎండలో, పచ్చపచ్చగా ఉంది నా కంప్యూటర్.

"ఏం చేసినావవ్వా?"

"చెంబు నీళ్ళు పోసి కడిగి దొండాకు రుద్దినాను. ముందర పక్క, ఎనక పక్క రెండూ. పళ్ళికూడంలో ఒకటో తరగతి చదివేటప్పుడు నీ పలకకు రుద్దింది నేనే గదా? పండగ పూట తొలి అక్షరం రాస్తే బాగా కనపడాల!"

"అది కంప్యూటరవ్వా!"

"నువ్వే గదరా పలకంటివి?"

నాయన అటు తిరిగి నిలబడ్డాడు. భుజాలు మాత్రం ఎగురుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఆకు పసరుతో పచ్చబడిన అవ్వ చేతులు చూశాక కోపం మాత్రం రాలేదు.

సెమినార్ రోజుకూ టాబ్లెట్ వెలగలేదు. బొమ్మలన్నీ గుర్తున్నంతవరకు చాక్‌పీసుతో బోర్డు మీద గీశాను.

"నీ కంప్యూటర్ ఏదయ్యా?" అన్నారు సార్.

"ఆరుతా ఉంది సార్."

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను: ప్రాణం పోయినా సరే, కొత్త వస్తువుకు పాత పేరు పెట్టి ఇంట్లో చెప్పను. చాలా రోజులకు లాప్‌టాప్ కొన్నాను. "ఇదేమిరా?" అంది అవ్వ.

"ఇది దేని మాదిరీ కాదవ్వా," అన్నాను జాగ్రత్తగా.

"అట్లయితే దీన్ని దేంతో కడగాలనో నువ్వే చెప్పు."